పిన్నిగారు పెంచిన పేగు గోడ

గత చలికాలం ఒక మంగళవారం ఉదయం పిన్నిగారి భర్త, ప్రయోగశాలకు వెళ్ళవలసిన వేరుశనగ తొక్కల పొడితో పళ్ళు తోముకున్నాడు. పుక్కిలించి ఉమ్మేశాక, "ఈసారి పళ్ళపొడి కాస్త గరుగ్గా ఉందే, కంపెనీ మార్చావా?" అని అడిగాడు.

ముందురోజు సాయంత్రం ఆవిడ "ఆ స్టీలు డబ్బా ముట్టుకోకండి" అని మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఆయన పేపరు వెనకనుంచి "ఊఁ" అన్నాడు. డబ్బాను వాష్‌బేసిన్ పక్కనే ఎందుకు పెట్టిందో మాత్రం ఆవిడ ఈనాటికీ చెప్పదు.

పిన్నిగారు మా ల్యాబులో అసిస్టెంటు, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. చేరిన రోజున ఒక విద్యార్థి నోరు జారి "పిన్నీ" అన్నాడు. ఆ పిలుపు హాజరు పట్టీలో తప్ప అంతటా స్థిరపడిపోయింది. ఆవిడ పని పేగు గోడలు పెంచడం. మనిషి పేగు కణాలను బొటనవేలంత గిన్నెల్లో, సన్నటి జల్లెడలాంటి పొర మీద పరిచి, రోజు మార్చి రోజు గులాబీరంగు మేత మారుస్తూ ఉంటే, ఇరవై ఒక్క రోజులకు అవి ఒకదాన్నొకటి పట్టుకుని గోడ కడతాయి. పైన పోసిన దాంట్లో గోడ దాటి కిందికి ఎంత దిగిందో కొలిస్తే, తిన్నది ఒంట్లోకి ఎంత చేరుతుందో అంచనా దొరుకుతుంది. ఆదివారాలూ చుట్టాలూ జలుబులూ ఆవిడకు ఆ గిన్నెల తరవాతే.

ఆసారి గోడలు పెంచింది పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి కోసం. కాయలు వలిచే మిల్లు యజమాని బాయిలర్లో తగలబెట్టే తొక్కల్లో ఒంటికి మేలు చేసే పదార్థాలున్నాయి. అవి పేగు దాటుతాయా లేదా అన్నది ప్రశ్న. మొదటి విడత గిన్నెలకు బూజు పట్టింది. రెండోవాటికి ఆ మంగళవారమే ఇరవై ఒకటో రోజు, పరీక్ష ఆ రోజే జరగాలి. మళ్ళీ పెంచే వ్యవధి లేదు, అమ్మాయి గడువు నెలాఖరుతో సరి.

పిన్నిగారు ల్యాబుకొచ్చి చెప్పుల్లోంచి కాళ్ళు తీయకముందే చెప్పేసింది. "పొడి పోయిందమ్మా. మా ఆయన పళ్ళు తోముకున్నాడు."

"అంతానా?"

"చిటికెడే. కానీ తడి వేలు పెట్టాడు."

అమ్మాయి స్టూలు మీద కూలబడింది. "ఇప్పుడెలా పిన్నీ? మన గ్రైండరు పాడైందనేగా ఆ పొడి మీ ఇంట్లో పట్టింది."

"ఏడవాలంటే గిన్నెలకు దూరంగా ఏడువు. ముందు మిల్లాయనకి ఫోన్ కొట్టు."

అరగంటలో మిల్లాయన స్కూటరు మీద సంచీ తెచ్చాడు. తొక్కలు కడిగి ఓవెన్లో ఆరబెట్టేలోగా పిన్నిగారు ఇంటికి ఫోన్ చేసింది. "మిక్సీ, జారు, మూత. మూడూ తీసుకురండి. ఏవేం తేవాలో ఓసారి చెప్పండి?"

ఆయన తు.చ. తప్పకుండా అప్పజెప్పాడు. మిక్సీని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడు. మూత మర్చిపోయాడు.

పిన్నిగారు ఆయనవైపు ఒకసారి చూసి, జారు మీద పళ్ళెం బోర్లించి అరచేత్తో అదిమిపెట్టింది. ఆయన బుద్ధిగా స్విచ్చి నొక్కాడు. వాళ్ళ కనుబొమల మీద పొడి పేరుకుంది. పన్నెండింటికల్లా జల్లెడ పట్టడం అయింది. కడుపులో జరిగినట్టే పొడిని ముందు ఆమ్లంలో, తరవాత జీర్ణరసాల్లో నానబెట్టి, నాలుగున్నరకు ఆరు గిన్నెల్లో పోశారు. పోసేముందు గోడలకు చిల్లుల్లేవని మీటరు పెట్టి చూసినప్పుడు అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఆరూ గట్టిగా ఉన్నాయి. పిన్నిగారు అప్పటికి గానీ పొద్దున్నుంచి తాగని కాఫీ అడగలేదు.

వారానికి లెక్క తేలింది. ఆరు గిన్నెల్లోనూ ఒకే తీరు, వందలో నాలుగు వంతులు గోడ దాటాయి. అమ్మాయికి కావలసింది నమ్మదగిన లెక్క, అది చేతికొచ్చింది. ఆ వార్త చెబుతూ పిన్నిగారు తన భర్తకు కొత్త పళ్ళపొడి డబ్బా బహుమతిగా ఇచ్చింది.

మిల్లాయనకు మాత్రం మొహం వాడిపోయింది. "ఇంత హడావిడి చేసి, వందలో నాలుగేనా అమ్మా లోపలికెళ్ళింది?"

"మా ఆయనకి నేను చెప్పేవాటిలో ఆ నాలుగూ వెళ్ళవండీ, మీ తొక్కలే నయం."