చెయ్యి చాపినంత దూరం

తిరువూరులో మైకుసెట్టు బసవపున్నయ్య తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు కొత్తగా బదిలీ మీద వచ్చిన ఉద్యోగులై ఉండాలి. ఎ.కొండూరులో పెళ్ళైనా, వినగడపలో గృహప్రవేశమైనా, ఎలక్షన్లప్పుడు ఏ పార్టీ జీపు దుమ్ము లేపుకుంటూ తిరిగినా, మోగే మైకు గొట్టాలు ఆయనవే. రైతుబిడ్డ అయ్యుండి పొలం కౌలుకిచ్చి మైకుసెట్టు పెట్టుకున్నాడని చుట్టాలు మొదట్లో నవ్వారు. తర్వాత వాళ్ళిళ్ళల్లో పెళ్ళిళ్ళకి వాళ్ళే వచ్చి బతిమాలుకున్నారు.

రెండువేల సంవత్సరం దాటాక మనిషెత్తు బాక్సులతో విజయవాడ కుర్రాళ్ళు దిగారు. వాళ్ళతో పోటీపడే ఓపిక బసవపున్నయ్యకి లేదు. గొట్టాలూ యాంప్లిఫయర్లూ వచ్చినకాడికి అమ్మేసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాక గాని తెలియలేదు, ఇంట్లో మాటా పలుకూ లేదని.

భార్య నాగేశ్వరమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. కోపంతో కాదు. కోపమైతే ఎప్పటికో తగ్గేది. గొట్టాల కింద బతికి బతికి ఆయన చెవులు మొద్దుబారిపోయాయి. ప్రతి మాటా రెండోసారి అరిచి చెప్పాలి. అరిస్తేనేమో, "ఎందుకా అరుపులు, ఊరంతా వినపడేట్టు" అని విసుక్కుంటాడు. ఊరంతా వినపడేట్టు చెయ్యడమే తన బతుకుతెరువని ఆయనకి గుర్తుచేసేవాళ్ళు లేకపోయారు. నాగేశ్వరమ్మ అరిచి అరిచి అలిసిపోయింది. ఇప్పుడు అన్నం వడ్డించి, గిన్నె మీద గరిటెతో రెండుసార్లు తడుతుంది. అదే భోజనానికి పిలుపు. ఎప్పుడైనా ఏదో చెప్పబోతుంది, ఆయన "ఆఁ?" అంటాడు, ఆమె చెయ్యి అడ్డంగా ఊపి "ఏం లేదు" అంటుంది. ఆ "ఏం లేదు" ఆయనకి వినిపించక్కర్లేదు, పెదాలు చూస్తే చాలు. చూసిన ప్రతిసారీ ఆయనకి ప్రాణం ఉసూరుమనేది.

విజయవాడలో చెవుల డాక్టరు చెవికి మిషన్ ఇచ్చాడు. పెట్టుకుంటే గిన్నెల చప్పుడంతా బుర్రలో మోగింది. తీసి డబ్బాలో పడేశాడు. డాక్టరు అన్న ఒక్క మాట మాత్రం పట్టుకున్నాడు. "సన్నటి శబ్దాలు పోయాయి. మధ్యలోవి, అంటే మనిషి గొంతు ఉండేచోటు, కొంత మిగిలింది. దాన్నైనా కాపాడుకోండి."

అందుకే చిన్న స్పీకర్ల జత కొనాలనుకున్నాడు. దగ్గర కూర్చుని బాగా తగ్గించి పెట్టుకున్నా పాడేవాళ్ళ గొంతు గొంతులా వచ్చేవి కావాలి. సాయంత్రంపూట ఇద్దరూ పాత పాటలు వింటే, పాట మీద ఒక మాట వస్తుంది, దాని మీద ఇంకో మాట వస్తుంది. అదీ ఆయన ఆశ. నాగేశ్వరమ్మకి పాటలంటే ఇష్టమన్నది ఆయన గట్టి నమ్మకం. పెళ్ళయిన కొత్తలో ఆమెని దగ్గర్లోనే ఉన్న నెమలి ఊరి తిరునాళ్ళకి తీసుకెళ్ళాడు. అది ఆయనకి మొదటి పెద్ద బేరం. గొట్టం కట్టిన గుంజ పక్కనే కూర్చోబెట్టాడు. పాట మధ్యలో ఆమె ఇటు తిరిగి ఏదో అంది. పాట బాగుందంటోందని మురిసిపోయి తలూపాడు. ఆమె లేచి నిలబడింది కూడా. ఎంత ముచ్చటపడితే లేచి నిలబడుతుంది! ఆ సాయంత్రం తలుచుకుంటే ఆయన మొహం ఇప్పటికీ విప్పారుతుంది.

బస్సెక్కి విజయవాడ వెళ్ళాడు. షాపతను బల్ల మీద చిన్న స్పీకర్ల జతలు ఒక్కొక్కటే పెట్టి పాట వేశాడు. మైకువాళ్ళకి ఒక అలవాటుంది. సెట్టు బిగించి పాట వేశాక అక్కడ నిలబడరు. పందిరి దాటి, వీధి చివరిదాకా నడుచుకుంటూ పోయి అక్కణ్ణుంచి వింటారు. అక్కడ బాగుంటేనే బాగున్నట్టు. బసవపున్నయ్య షాపు మెట్లు దిగి, రోడ్డు దాటి, సోడాబండి పక్కన నిలబడ్డాడు. బేరం పోయిందనుకుని షాపతను చేతులూపి పిలిచాడు. ఒక జత పాట మాత్రం బస్సుల రొద మీంచి కూడా వచ్చి తగిలింది. ఇదీ స్పీకరంటే, అనుకుని అదే కట్టించుకున్నాడు.

ఇంటికొచ్చి, టీపాయ్ మీద పెట్టి, తగ్గించి పాట వేశాడు. కింద ధమధమలున్నాయి, పైన ఏదో గలగల ఉంది, మధ్యలో పాడేవాడు లేడు. గొంతు కోసం పెంచితే కిటికీ రెక్కలు అదిరాయి. నాగేశ్వరమ్మ తల పట్టుకుని పెరట్లోకి పోయింది. కాసేపటికి ఆయన వెళ్ళి చూస్తే, గోడ దగ్గర పక్కింటి మాణిక్యమ్మతో మాట్లాడుతోంది. చేతులు తిప్పుతోంది, నవ్వుతోంది, ఆగకుండా చెబుతూనే ఉంది. ఆయనకి ఒక్క ముక్క వినపడలేదు. ఆమె దగ్గర ఇంకా అన్ని మాటలున్నాయా అని ఆయనకి దిగులేసింది.

మర్నాడు ఆ జతని సంచిలో వేసుకుని బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే కృపానందం దగ్గరికెళ్ళాడు. చెక్కపెట్టెలు చేయించి, వాటిలో ఏరికోరి స్పీకర్లు బిగించడం కృపానందానికి ఓ పిచ్చి.

"కొనేటప్పుడు ఎక్కణ్ణుంచి విన్నావు బాబాయ్?" అన్నాడు కృపానందం గట్టిగా.

"రోడ్డవతల నుంచి."

"ఇంట్లో కూడా రోడ్డవతలే కూర్చుంటావా?"

బసవపున్నయ్యకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. "అలవాటురా" అని స్టూలు మీద కూలబడ్డాడు.

కృపానందం పాట వెయ్యలేదు. పాటలో తబలాలూ వయొలిన్లూ కలిసి లోపాన్ని కప్పేస్తాయన్నాడు. రేడియోలో వార్తలు వస్తున్నాయి, తన దగ్గరున్న జతలకి ఒక్కోదానికీ అవే పెట్టాడు. ఒక జతలో వార్తలు చదివే ఆవిడ బిందెలో తలపెట్టి చదువుతున్నట్టుంది. ఇంకోటి ముందు బాగానే అనిపించింది గాని, తగ్గించగానే ఆవిడ వీధిలోకి వెళ్ళిపోయింది. కందిపప్పు డబ్బా అంత టేకు పెట్టెలు ఓ మూల ఉంటే వాటికి తగిలించాడు. తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. ఆవిడ ఎక్కడికీ పోలేదు. ఎదురుగా బల్ల మీద కూర్చుని, తనొక్కడికే చెబుతున్నట్టుంది. మధ్యలో గొంతు సవరించుకోవడం కూడా వినబడింది. ఇన్నేళ్ళూ ఎంతోమంది గొంతుల్ని ఊళ్ళకి ఊళ్ళు దాటించాడు గాని, ఒక గొంతు ఎదుట ఇలా కూర్చోలేదనుకున్నాడు.

"ఇవే" అన్నాడు.

"చెయ్యి చాపినంత దూరంలో కూర్చోవాలి. అంతకంటే వెనక్కి జరిగితే మళ్ళీ నా మీదికి రావద్దు" అన్నాడు కృపానందం. విజయవాడ జత తీసుకుని ఆ పెట్టెలిచ్చాడు.

ఆ సాయంత్రం బసవపున్నయ్య టీపాయ్ ముందు స్టూలు వేసుకుని పాట పెట్టాడు. ప్రతి మాటా విడివిడిగా వచ్చింది. వంటింటి గడప మీద చేటలో బియ్యం ఏరుకుంటున్న నాగేశ్వరమ్మ తలెత్తింది. మొహం చిట్లించుకోలేదు, పెరట్లోకీ పోలేదు. కాసేపు విని ఏదో అంది.

"ఆఁ?" అన్నాడు ఆయన ఆత్రంగా.

"ఏం లేదు." చెయ్యి అడ్డంగా ఊగింది.

అంతా అయిపోయిందనిపించింది ఆయనకి. పెట్టె బాగుంది, పాట బాగుంది, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఒళ్ళో కూర్చుని పాడినట్టుంది. కట్టుకున్న మనిషి మాట మాత్రం గడప దగ్గరే ఆగిపోయింది. స్టూలుకీ గడపకీ మధ్య గది మొత్తం ఉంది. ఆ దూరం ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత పాట ఆపేశాడు. స్టూలు ఎత్తుకెళ్ళి ఆమె ఎదురుగా వేసుకుని, చెయ్యి చాపి చూశాడు. వేళ్ళు చేటకి తగిలాయి.

"ఏంటండీ ఇది?"

వినబడింది. కాస్త బొంగురుపోయిన గొంతు.

"ఇప్పుడు చెప్పు. అరవకు, మామూలుగా చెప్పు."

"ఇప్పుడేం చెప్పను? చెప్పాల్సినవన్నీ మాణిక్యమ్మకి చెప్పేశాను."

"అవే నాకూ చెప్పు. మొదట్నుంచి."

ఆమె బియ్యంలో వేళ్ళు తిప్పుతూ కూర్చుంది. ఒక రాయి ఏరి పారేసింది. "నన్ను నెమలి తిరునాళ్ళకి తీసుకెళ్ళారు, గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు! పాట బాగుందన్నావు."

"పాట కాదండీ" అంది నాగేశ్వరమ్మ నెమ్మదిగా. "ఇంటికెళ్దామన్నాను. మీరు తలూపారు. వస్తున్నారనుకుని లేచి నిలబడ్డాను."