కుదురు లేని అత్త నా పక్కన కూర్చుంది

పోయిన ఆదివారం ఉదయం చర్చికి బయల్దేరబోతుంటే నాన్న ఫోను మోగింది. శృంగవరపుకోట నుంచి మావయ్య. మా మేనత్త నిద్రలోనే వెళ్ళిపోయిందట. నాన్న ఫోను చేతిలో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. "అక్క పోనాదమ్మా" అన్నాడు.

అత్త చిన్నపిల్లల బడిలో టీచరు. ఆమె పేరెత్తితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆమె మరపే. టీ పొయ్యి మీద పెట్టి పెరట్లోకి వెళ్ళేది. అక్కడ పక్కింటావిడతో మాటల్లో పడి, గిన్నె మాడిన వాసనకు పరిగెత్తుకొచ్చేది. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి ఇంకెవరిదో వేసుకుని చర్చి నుంచి ఇంటికొచ్చేది. చిన్నప్పటి నుంచీ అందుకు తిట్లు తింటూనే పెరిగింది. నడివయసులో విజయనగరంలో ఒక డాక్టరమ్మ ఆమెను పరీక్షించి, ఇది నిర్లక్ష్యం కాదు, మనసును ఒకచోట నిలవనివ్వని ఏడీహెచ్‌డీ అని చెప్పారు. "ఆ రోజు బస్సులో ఏడుసుకుంటూ వచ్చానే. ఇన్నేళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నాను గదా" అని నాతో అంది, నవ్వుతూనే.

నేను ఇంటర్‌లో చేరాక పరీక్షల్లో సగం కాగితాలు ఖాళీగా ఇచ్చి వచ్చేదాన్ని. చీపురుపల్లి నుంచి రోజూ రైల్లో విజయనగరం వెళ్ళి చదివేదాన్ని. పిల్లకి ధ్యాస లేదని కాలేజీలో అన్నారు. "అచ్చం మేనత్త పోలికే" అంది అమ్మ. నాన్న ఫోనులో ఏవేవో చదివి నాకూ అదే జబ్బని తేల్చేశాడు. నేను కాదనలేదు. నా తలలో జరిగేది చెప్పాలంటే భయంగా ఉండేది.

ఆ ఏడాది సెలవుల్లో అత్త మా ఇంటికి వచ్చింది. నేను రాసుకుంటుంటే పక్కన చేరి చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఒక వాక్యం రాయడం, ఆగడం, చదవడం, కొట్టేయడం, మళ్ళీ అదే రాయడం. కాసేపటికి ఆమె చేతులు ఆగాయి.

"మనసెటు పోయిందే?"

"ఎటూ పోలేదత్తా. ఈ లైను మీదే ఉన్నాది."

"మరెందుకు కొట్టేస్తన్నావు?"

పెన్ను పక్కన పెట్టి, చివరికి చెప్పాను. ఈ లైను సరిగ్గా చదవకపోతే నాన్నకి ఏదో అయిపోతుందనిపిస్తుంది. ప్రార్థనలో మాట తడబడితే మళ్ళీ మొదటి నుంచి చేస్తాను. అర్థం లేదని తెలుసు, అయినా ఆపలేను.

అత్త నవ్వలేదు, నీతులు చెప్పలేదు. "నాకున్నది నీకు నేదే. నా మనసు ఎక్కడా నిలవదు. నీ మనసు పట్టుకున్నది వదల్దు. రెండిటికీ కాగితం ఖాళీగానే ఉంటాది, పైనుంచి సూసినోళ్ళకి తేడా ఏటి తెలుస్తాది?" అంది. తర్వాత నాన్నని పిలిచింది. "ఒరే తమ్ముడూ, దీన్ని నా డాక్టరమ్మకి సూపించాల. నాది నా జబ్బు, దీనిది ఏటో ఆవిడ సెప్పాల" అంది.

డాక్టరమ్మ తొందరపడలేదు. పని మధ్యలో ఆగినప్పుడు మనసు వేరేచోటికి వెళ్ళిపోతుందా, లేక ఒకే భయం చుట్టూ తిరుగుతుందా అని అడిగారు. మళ్ళీ చదివాక ఊరటగా ఉంటుందా, ఆ ఊరట ఎంతసేపు నిలుస్తుంది అని అడిగారు. నాది ఓసీడీ అన్నారు. కొందరికి రెండూ కలిసి ఉంటాయనీ, అందుకే అడిగి తెలుసుకోకుండా పేరు పెట్టకూడదనీ నాన్నకు వివరించారు. మందు రాశారు. దానితో పాటు ఒక సాధన చెప్పారు: వాక్యం ఒక్కసారే రాయాలి. భయం వేసినా వెనక్కి వెళ్ళి చదవకూడదు. ఆ భయం దానంతటదే తగ్గేదాకా ఓర్చుకోవాలి. మొదట్లో పక్కన ఎవరైనా ఉంటే మంచిదన్నారు.

"నేనుంటాను" అంది అత్త. ఇంట్లో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

సెలవులు అయ్యేవరకూ ఉంది. నేను పెన్ను పట్టుకుని, వెనక్కి వెళ్ళి చదవకుండా ఆపుకుంటుంటే ఆమె పక్కనే కూర్చునేది. ఒక్కచోట ఉండటం ఆమెకెంత కష్టమో నాకు తెలుసు. మోకాలు ఊగేది, వేళ్ళు పైటకొంగును మెలిపెట్టేవి, వీధిలో ఆటో చప్పుడు వినిపిస్తే మెడ అటు తిరిగిపోయేది. లేచేది మాత్రం కాదు. "నాన్నకేం కాదని చెప్పత్తా" అని బతిమాలేదాన్ని. "అది సెప్పకూడదంది డాక్టరమ్మ, సెప్తే రేపు మళ్ళీ అడుగుతావట. భయం వస్తాది, రానీ. నేనిక్కడే ఉన్నాను" అనేది. నా భయాన్ని నేను ఓర్చుకున్నాను, పక్కన తన అవస్థను తను ఓర్చుకుంది. మా ఇద్దరి కష్టం ఇంట్లో మిగతా ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఆ ఏడాది పరీక్షలు పూర్తిగా రాశాను. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. ఆ ఆలోచనలు ఇంకా అప్పుడప్పుడూ వస్తాయి. ఆదివారం కూడా ఒకటి వచ్చింది. రాత్రి ప్రార్థన సరిగ్గా చేయలేదు, అందుకే అత్త పోయిందని. నేను ఆ ప్రార్థన మళ్ళీ చేయలేదు. నాన్న పక్కన కూర్చుని ఏడ్చాను, అంతే.

ఆమెను చివరిసారి చూసింది పోయిన నెల, చీపురుపల్లి స్టేషన్లో. బడిలో ఎవరో పిల్ల చేసిన అల్లరి చెబుతూ రైలెక్కింది. కిటికీ దగ్గర సీటు దొరికింది, కథ ఆగలేదు. రైలు కదిలింది. చక్రాల చప్పుడులో మాటలు వినబడటం మానేశాయి. ఊచల మధ్య నుంచి బయటికొచ్చిన ఆమె చెయ్యి మాత్రం, ఆ పిల్ల ఎలా గెంతిందో నాకు చూపిస్తూ, ప్లాట్‌ఫారం దాటిపోయేదాకా ఆడుతూనే ఉంది.