అక్క క్యాసెట్‌లో తమ్ముడి గొంతు

దయ్యాలు, గాలి సోకడాలు, దిష్టి తీయడాలు అంటే నాకు ఒళ్లు మంట. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మా అమ్మ దిష్టికని తెచ్చిన నిమ్మకాయలు లాక్కొని పులిహోర కలిపినదాన్ని నేను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లు బయట ఎవరికీ చెప్పలేదు. ఇంకెవరైనా చెబితే ముందు నవ్వేది నేనే మరి.

తొంభైల్లో నేను కోరుట్ల బస్టాండు దగ్గర ఒక ఎస్టీడీ బూత్‌లో పనిచేసేదాన్ని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. రాయికల్ దగ్గరి మా ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. పంజాబీ డ్రెస్సు, చేతికి గడియారం, ఫ్యాను కింద కుర్చీ. ఊళ్లో నా తోటివాళ్లు బీడీలు చుడుతుంటే నేను దుబాయికి నంబరు కలిపేదాన్ని. గొప్పలకు పోయాను, దాచుకోవడం ఎందుకు!

బూత్‌లో ఇంకో పని కూడా ఉండేది. ఫోనులో నిమిషాలు పరుగెడుతుంటే ఆడవాళ్లకు ఏడుపు తప్ప మాట వచ్చేది కాదు. అందుకని టేప్ రికార్డరు ముందు కూర్చోబెట్టి, వాళ్ల భర్తలకు చెప్పాల్సిన మాటలన్నీ క్యాసెట్‌లో పట్టేదాన్ని. దుబాయి పోయేవాళ్లు ఎవరైనా దొరికితే వాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. ఇప్పటి పిల్లలు సెల్‌ఫోను నోటి దగ్గర పెట్టుకొని మాటలు పంపుతూ అదేదో కొత్త విద్య అనుకుంటారు. మా కోరుట్ల ఆడవాళ్లు ఆ పని ఎప్పుడో చేసేశారు.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మధ్యాహ్నం మా అక్క రాజవ్వ వచ్చింది, దుబాయిలో ఉన్న బావకు క్యాసెట్ నింపడానికి. బూత్‌లో అక్క, నేను, అంతే. పక్కన రేడియో మోగుతోంది, ఆపడం మరిచిపోయాను. అక్క మాట్లాడింది, ఏడ్చింది, మళ్లీ మాట్లాడింది. తీసుకుపోయే మనిషి దొరికేదాకా ఉంటుందని క్యాసెట్‌ను సొరుగులో పెట్టాను.

అదే మధ్యాహ్నం రాయికల్ తోవలో అన్నలు, అదే నక్సలైట్లు, జనాన్ని దించేసి బస్సు తగలబెట్టారు. మర్నాడు పొద్దున పోలీసులు మా తమ్ముడు మల్లేశాన్ని తీసుకుపోయారు. బస్సు దగ్గర వాణ్ని చూశామని ఎవరో చెప్పారట. వాడేమో ఆ వేళప్పుడు బావ పొలంలో మోటరు దగ్గర ఉన్నాడు. ఒక్కడే. ఒక్కడే ఉన్నవాడికి సాక్ష్యం ఎవరు చెప్తారు? ఆ రోజుల్లో అలా తీసుకుపోయిన పిల్లలు కొందరు తిరిగి రాలేదు. అమ్మ పొయ్యి వెలిగించడం మానేసింది.

మూడో రోజు అక్క బూత్‌కు వచ్చింది.

"క్యాసెట్ వంపినవానే? వంపకుంటే ఆఖర్న తమ్ముని సంగతి గూడ చెప్త," అంది.

ఖాళీ ఎక్కడుందో చూద్దామని క్యాసెట్ పెట్టాను. అక్క గొంతు. ఏడుపు. ఏడుపు ఆగిన చోట రేడియో వార్తలు, పదో తరగతి ఫలితాలు ఈ ఉదయం విడుదలయ్యాయని. ఆ వార్తల మీద మల్లేశం గొంతు.

"ఓ బావా, నీ మోటరు కాలిపాయె! నాతోని గాదిగ, నువ్వే అచ్చి సూస్కో!"

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఆ రోజు బూత్‌లోకి మూడో మనిషి రాలేదు. అది పాత క్యాసెట్ కూడా కాదు, కొత్తదాని పైకాగితం ఆ రోజు నేనే చింపాను. పాత మాటలే అనుకున్నా, ఆనాటి వార్తల మీద ఎలా వస్తాయి?

కానీ భయపడుతూ కూర్చోవడానికి తీరిక ఏది? టేప్ రికార్డరు సంచిలో వేసుకొని ఇద్దరం స్టేషన్‌కు పోయాం.

ఎస్సై మొత్తం విని మల్లేశాన్ని పిలిపించాడు. వాడి పెదవి చిట్లింది, కుంటుతున్నాడు. వాడితోనూ నాలుగు మాటలు మాట్లాడించి, మళ్లీ క్యాసెట్ వేశాడు. గొంతు అచ్చంగా అదే. అది వింటూ వాడు నోరెళ్లబెట్టాడు.

"గిది మా అక్క బావకు వంపే క్యాసెట్ సార్. నా బూత్‌లనే పట్టిన. ఎవ్వలు మాట్లాడిన్రో మీరే ఇనుండ్రి," అన్నాను. తమ్ముడు బూత్‌కు వచ్చాడని నేను అనలేదు. ఒక్క అబద్ధం ఆడలేదు.

ఎస్సై వాడి వైపు తిరిగాడు. "బస్సు కాలింది గీ వార్తలొచ్చే యాళ్లకే. గప్పుడు నువ్వు కోరుట్లల ఉన్నవన్నట్టు. మొదాలే ఎందుకు చెప్పలేదురా?"

మా వాడి తెలివి చూడండి.

"నేను మోటరు కాడ్నే ఉన్న సార్," అన్నాడు.

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఎస్సై క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టి, "భయానికి వీనికి మతి పోయింది. తోల్కపో అమ్మా, ఏదన్న తినవెట్టు," అన్నాడు.

ఆ సాయంత్రం బస్సు దిగి, తమ్ముణ్ని మధ్యలో పెట్టుకొని అక్కా నేనూ మా వాడకట్టులో నడిచాం. ఆడపిల్లకు కోరుట్లలో నౌకరీ ఏందని చెవులు కొరుక్కున్నవాళ్లంతా గుమ్మాల్లో నిలబడి చూశారు. చూడండి, బాగా చూడండి అనుకున్నాను. తల ఎత్తుకొనే నడిచాను. అమ్మ వాడి ఒళ్లంతా తడిమి తడిమి ఏడ్చి, ఆ తర్వాత పొయ్యి వెలిగించింది.

అన్నం తింటూ తమ్ముడు చెప్పాడు. ఆ మధ్యాహ్నం మోటరు నిజంగానే కాలిందట. ఎవరూ లేరు కదా అని, ఒళ్లు మండి, దుబాయిలో ఉన్న బావను ఎదురుగా ఉన్నట్టే గట్టిగా కేకేశాడట. అక్షరం పొల్లుపోకుండా అవే మాటలు.

"గది నీకెట్ల ఇనవడ్డదే అక్కా?" అన్నాడు.

"నోరు మూస్కొని తిను," అన్నాను.

తర్వాత టేప్ రికార్డర్లు బాగుచేసే ఆయన్ని అడిగాను. రేడియోలో ఏవో కలిసి ఉంటాయి అన్నాడు. మా బావ పొలంలో మైకు ఎవరు పెట్టారయ్యా అంటే ఆయనా తల గోక్కున్నాడు. దయ్యమని నేను అనను. దేవుడని అమ్మ అంటుంది, అననీ. అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తమ్ముణ్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.