కిటికీ పక్క సీటులో అమ్మ

మా అక్కకి సినిమాలు చూడడమే ఉద్యోగం. ఈ మాట వినగానే ఎవరైనా ముందు నవ్వుతారు, తర్వాత లోలోపల కుళ్లుకుంటారు, ఆపైన "మాకూ అలాంటిదేదైనా చూసిపెట్టమ్మా" అంటారు. వాళ్లలో ఒక్కరినైనా ఆ గదిలో ఓ పూట కూర్చోబెట్టాలని నాకు ఎప్పుడూ కోరిక. మధ్యాహ్నానికల్లా కాళ్లు పట్టుకుని వదిలెయ్యమంటారు.

ఇళ్లలోని టీవీలకి నెట్ ద్వారా సినిమాలు పంపించే కంపెనీ అది. సినిమా జనం దగ్గరికి వెళ్లే ముందు అక్క దగ్గరికి వస్తుంది. బొమ్మ ఎక్కడైనా గళ్లుగళ్లుగా విడిపోతోందా, చీకటి సీన్లలో నలుపు బూడిదరంగుకి తిరుగుతోందా, పెదాలు కదలకముందే మాట పరిగెత్తుతోందా, కింద వచ్చే అక్షరాలు ఎవరి మొహానికైనా అడ్డం పడుతున్నాయా చూసి, కనబడ్డ చోటల్లా మీట నొక్కాలి. కథతో ఆమెకి పనిలేదు. హీరో తల్లి ప్రాణం పోతుంటే మనం కళ్లు తుడుచుకుంటాం. మా అక్క ఆ తల్లి వెనక గోడ మీద చారలు పడుతున్నాయేమోనని చూస్తుంది.

వంటింటి పక్కన ఒకప్పుడు సామాన్లు పడేసుకునే గదే ఆమె ఆఫీసు. కిటికీకి నల్లగుడ్డ రెండు వరసలు వేసి మేకులు కొట్టారు. గోడల రంగు తెర మీద పడకూడదని మొత్తం బూడిదరంగు పూశారు. చప్పుడొస్తుందని ఫ్యాన్ వెయ్యరు. కంపెనీవాళ్లు ఇచ్చిన పెద్ద తెర మాత్రం మహాద్భుతంగా ఉంటుంది, చీమ పాకితే కాళ్లు లెక్కపెట్టొచ్చు. ఆ తెర నెత్తిన ఓ కెమెరా. అక్క చూపు కాస్సేపు పక్కకి తిరిగితే సినిమా ఆగిపోయి సీను మొదటికి వెళ్తుంది. విడుదల కాని సినిమా ఇంకొకరు చూడకూడదు కాబట్టి, గదిలో రెండో మొహం కనబడినా రెండో గొంతు వినబడినా తెర నల్లగా అయిపోతుంది, పైవాళ్లకి కబురు వెళ్లిపోతుంది. అక్క తనలో తాను సణుక్కుంటే మాత్రం దానికి అభ్యంతరం లేదు.

అక్క దగ్గరే ఉంటున్న మా నాన్న ఆ కెమెరాకి అత్తగారని పేరు పెట్టాడు. "ఏమ్మా, మీ అత్తగారు టీ తాగనిస్తుందా?" అని తలుపు బయటనుంచి అడిగేవాడు. అక్క అసలు అత్తగారు ఎప్పుడో పోయింది, పాపం ఆవిడ ఇంత కాపలా ఎన్నడూ కాయలేదు.

పొద్దున లోపలికి వెళ్లిన అక్క, సాయంత్రం కళ్లు చిట్లించుకుంటూ బయటికి వచ్చేది. ఇంట్లో ఏ మనిషి ఏం తిన్నాడో, ఎవరు వచ్చి వెళ్లారో ఆమెకి తెలిసేది కాదు. "సొంతింట్లో ఉంటూ చుట్టపుచూపుగా వస్తున్నట్టుందే నాకు" అని ఓసారి నాతో అంది. మానెయ్యవే అంటే, మా బావ లిఫ్టులు బాగుచేసి తెచ్చేది ఒక్కటీ ఇంటికి చాలదంది. అదీ నిజమే.

ఇక నాన్న సంగతి. ఆయన కొండదారిలో బస్సు నడిపేవాడు. పెళ్లయిన కొత్తలో, ఓ పొద్దున అమ్మతో గొడవపడి మాటామంతీ లేకుండా డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ రోజే ఎవరో సినిమావాళ్లు షూటింగుకని ఆయన బస్సు అడిగారు. మధ్యాహ్నం అమ్మ కోపంగానే క్యారేజీ పట్టుకుని డిపోకి వచ్చింది. బస్సులో జనం తక్కువయ్యారని సినిమావాళ్లు ఆమెని కూడా ఎక్కించి, డ్రైవరు వెనక కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టారు. "పక్కకి చూశావంటే షాటు పోతుంది, చూపు రోడ్డు మీదే ఉండాలి" అని నాన్నకి గట్టిగా చెప్పారు. వెనకాల పెళ్లాం. ముందు మలుపు. నాన్న తల తిప్పలేదు.

ఇంటికొచ్చాక అడిగాడట. "కోపం పోయిందా? బస్సులో నవ్వావా?" అని. "సినిమా వస్తుందిగా, అందులో చూసుకో" అంది అమ్మ. సినిమా వచ్చింది. హాల్లో చూస్తే కిటికీ దగ్గర మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక ఉంది. తర్వాత టీవీలో వచ్చినప్పుడు ఆ మరక కూడా సరిగ్గా కనబడలేదు. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆయన అడుగుతూనే ఉన్నాడు, ఆవిడ చెప్పకుండా ఏడిపిస్తూనే ఉంది. మాకది ఇంట్లో ఓ తమాషా. అమ్మ పోయాక తమాషా పోయింది, ప్రశ్న మిగిలింది.

దానికి తోడు నాన్న కళ్లు. లోపలి నరం ఎండిపోతోందని, చూపు పక్కలనుంచి మధ్యకి మూసుకుపోతోందని డాక్టరు చెప్పాడు. పోయిన చూపు రాదు, చుక్కలు వేసుకుంటే ఉన్నది కొన్నాళ్లు నిలుస్తుందన్నాడు. "గొట్టంలోంచి చూస్తున్నట్టుంది. ఫరవాలేదు, చూడాల్సినవన్నీ గొట్టానికి ఎదురుగా పెట్టుకుంటా" అనేవాడు నాన్న.

సరిగ్గా అప్పుడే ఆ పాత సినిమా అసలు ఫిల్ము బయటికి తీసి, ఒక్కో బొమ్మా కడిగి కొత్తదానిలా చేస్తున్నారని అక్కకి తెలిసింది. పైన కూర్చునే సూపర్‌వైజరమ్మని బతిమాలి, ఎవరూ ముట్టుకోని పిల్లల బొమ్మల సినిమాలన్నీ నెత్తిన వేసుకుని, బదులుగా దాన్ని తన వంతుకి తెచ్చుకుంది. జనంలోకి రావడానికి ఇంకా నెలలు పడుతుంది. నాన్న చూపు అంతవరకు ఆగుతుందో లేదో. అందుకని ఆయన్ని ఆ గదిలోనే దాచి చూపిద్దామనుకుంది.

"కొన్నాళ్లు ఓపిక పడితే అందరితోపాటు చూడొచ్చు కదా మామయ్యా" అన్నాడు బావ. ఉద్యోగం పోతుందని ఆయన భయం.

"నీకు కొన్నాళ్లంటే కొన్నాళ్లే అల్లుడూ. నా కళ్లకి ఆ లెక్క వేరు" అన్నాడు నాన్న.

ఆ మాటతో బావ మెత్తబడ్డాడు. అక్క కుర్చీ వెనకాల అడ్డంగా గుడ్డ తెర కట్టింది ఆయనే. దాని వెనక ఓ స్టూలు వేసి, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో గుడ్డని కాస్త కోశాడు. కన్ను ఒక్కటే కనబడితే అత్తగారు దాన్ని మొహం కింద లెక్క వెయ్యదని అక్క ధీమా. "నా చూపుకి ఈ కన్నం ఎక్కువే" అన్నాడు నాన్న. దగ్గొస్తే మింగెయ్యాలి, నోరు విప్పకూడదు అని అక్క వందసార్లు చెప్పింది. ఆయన బుద్ధిమంతుడిలా తల ఊపాడు.

సినిమా మొదలైంది. అక్క ఎప్పటిలాగే మీట నొక్కుకుంటూ పోతోంది. బల్ల మీద ఇంకో చిన్న తెర ఉంటుంది, కెమెరాకి ఏం కనబడుతోందో అందులో చూపిస్తుంది. అందులో తన మొహం, వెనక గుడ్డ, గుడ్డలో కోత. మధ్యమధ్యలో అక్క రెప్పపాటు అటు చూసింది. చీకట్లో కోత దగ్గర ఏదో పాలిపోయినట్టు, ముడతగా కనబడింది. వేలు పెట్టుకున్నాడేమో అనుకుంది.

ఇంతలో ఎండ సీను వచ్చింది. తెర వెలుగు గదంతా పరుచుకుంది. కోతలో ఉన్నది వేలు కాదు, చెవి.

మెడ నొప్పి పుట్టి తల వాల్చాడేమో, ఇప్పుడు తిప్పుతాడులే అనుకుంది అక్క. తిప్పలేదు. తెరలో ఎక్కడో దూరంగా బస్సు హారన్ వినిపించింది. ఆ చెవి కోతకి ఇంకాస్త దగ్గరగా నొక్కుకుంది.

అప్పుడర్థమైంది ఆమెకి. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చోవడం, కప్పు కోసం బల్ల మీద మెల్లిగా చెయ్యి జరపడం, వీధిలోకి పదమంటే మోకాళ్ల నొప్పులనడం. ఎవరో ముక్కూమొహం తెలియని నటుడి పెదవి మాటకంటే వెనకబడితే క్షణంలో పట్టేసే మా అక్కకి, పక్కగదిలో తండ్రి లోకం ఆరిపోయిన సంగతి తెలియలేదు. నాకు ఆ గది మీద, ఆ తెర మీద ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే సినిమా ఆగి, సీను మొదటికి పోతుంది. ఏడిస్తే కళ్లు మసకబారతాయి, అదీ కుదరదు. తెరవైపే చూస్తూ, తనలో తాను సణుక్కుంటున్నట్టు మొదలుపెట్టింది.

"కొండ. ఎండ బాగా కాస్తోంది. మలుపు దగ్గర హీరో చెయ్యెత్తి నిలబడ్డాడు. బస్సు వస్తోంది. డ్రైవరు మీసాలు చిన్నవి, చొక్కా గుండీ ఒకటి ఊడింది. చూపు రోడ్డు మీదే ఉంది."

వెనకాల స్టూలు కిర్రుమంది.

"బస్సు పక్కకి తిరుగుతోంది. కిటికీలు ఒక్కొక్కటే వస్తున్నాయి. డ్రైవరు వెనక కిటికీ. అమ్మ ఉంది నాన్నా. ఒళ్లో క్యారేజీ. జడ ముందుకి వేసుకుంది. మొహం అటు తిరిగి ఉంది, ఇప్పుడు ఇటు తిప్పుతోంది…"

"నవ్వుతోందా?" అన్నాడు నాన్న.

రెండో గొంతు అది. తెర నల్లగా అయిపోయింది. అమ్మ మొహం అక్కకి చెంపవరకే కనబడింది.

"నవ్వుతోంది నాన్నా" అంది అక్క, నల్లటి తెరని చూస్తూ.

మర్నాటికి ఉద్యోగం పోయింది. మనుషులు వచ్చి పెద్ద తెర పట్టుకెళ్లారు. సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసి నొచ్చుకుంది, అంతకంటే ఆవిడ చెయ్యగలిగింది లేదు. కిటికీకి నల్లగుడ్డ అలాగే ఉంది, తీద్దామంటే అక్క రేపు అంటుంది. పొద్దున్నే ఏ పనీ లేకపోయినా ఆ గదిలోకి వెళ్లి కాస్సేపు కూర్చుని వస్తుందని బావ చెప్పాడు.

నెలలు గడిచాక ఆ సినిమా అందరి ఇళ్లలోకీ వచ్చింది. నేను మా టీవీ మోసుకెళ్లి అక్క ఇంట్లో పెట్టాను, వాళ్లది మరీ చిన్నది. నాన్నని మధ్యలో కూర్చోబెట్టి ఇద్దరం చెరోపక్కా కూర్చున్నాం. అక్క చెబుతూ వచ్చింది, కొండ, ఎండ, మలుపు, బస్సు. కిటికీ రాగానే బొమ్మ ఆపింది. కడిగిన బొమ్మ ఎంత స్వచ్ఛంగా ఉందంటే, అమ్మ ముక్కు పక్కన చెమట బొట్టు కూడా తెలుస్తోంది.

అమ్మ నవ్వడం లేదు. పెదాలు బిగించి, డ్రైవరు వీపు వైపు చూస్తోంది. ఆ చూపు మాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కోపం రవ్వంత కూడా తగ్గలేదు. అక్క నా వైపు చూసింది. ఆమె కూడా ఆ మొహం అప్పుడే మొదటిసారి చూస్తోంది.

"పెద్దది అప్పుడే చెప్పింది. ఇప్పుడు నువ్వు చెప్పు చిన్నదానా. నవ్వుతోందా?" అన్నాడు నాన్న.

"నవ్వుతోంది నాన్నా."

ఆయన కళ్లు తెర వైపు లేవు. మా ఇద్దరినీ దాటి ఎటో చూస్తున్నాడు.

"మీ అమ్మ అంత తొందరగా కరిగే మనిషి కాదే" అన్నాడు. "అయినా ఏం చేస్తాను? ఇక మీరేం చెబితే అదే చూడాలి నేను."

అక్క నా చెయ్యి పట్టుకుంది. ఇప్పుడైనా నిజం చెప్పేద్దామని నా నోటిదాకా వచ్చింది. చెప్పినా ఆయన నమ్మే దారి లేదు. ఓదార్చడానికి ఒకసారి అబద్ధమాడినవాళ్లం, ఇప్పుడు మాట మారిస్తే తను అన్నదానికి వంతపాడుతున్నామనుకుంటాడు.

"సరేలే" అన్నాడు నాన్న, కుర్చీలో సర్దుకుంటూ. "మళ్లీ పెట్టు."