కాటర్‌మోల్ ఇంటి సిమెంటు గోడ

"ఏమ్మా మ్యూరియల్, వంటింట్లో ఏమైనా చచ్చిందా?"

ఆవుకు సూది వేయడానికి వచ్చి, చేతులు కడుక్కుంటూ పశువుల డాక్టరు అడిగిన మాట ఇది. ఇంగ్లండు పల్లెసీమ సఫోక్‌లో టీ తాగిన ఇంటిని ఎవరూ ఇంత మాట అనరు. అన్నాడంటే కంపు ఆ స్థాయిలో ఉందన్నమాట.

మ్యూరియల్ కాటర్‌మోల్‌కి అప్పటికి అరవై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. బీట్‌దుంపల పొలం, పాతిక ఆవులు, అయిదు వందల ఏళ్ళ ఇల్లు, ఇదే ఆమె సంసారం. ఇంట్లో సగం తమ్ముడు డెనిస్‌ది. అతను ఇప్స్‌విచ్ పట్నంలో ఇన్సూరెన్సు అమ్ముకుంటూ, క్రిస్మస్‌కి వచ్చి పొయ్యి పక్కన కూర్చుని, "మన ఇల్లు" అని నిట్టూర్చి వెళ్ళిపోయేవాడు.

అది ఒక ఇల్లు కాదు, ఒకదాని మీద ఒకటి తొడిగిన అబద్ధాలు. ఓక్ కర్రల చట్రం, మధ్య పుల్లల తడిక, దానిమీద పేడా మట్టీ సున్నమూ: అసలు ఇల్లు అంతే. తర్వాత ఒక తరం నడిమధ్యలో ఇటుక పొగగూడు దూర్చింది. చేతికి డబ్బొచ్చిన ఇంకో తరం వీధివైపు మాత్రం ఎర్రిటుక ముఖం అతికించింది. వెనకనుంచి చూస్తే దొరకోటు కింద గోచీ. మరో తరం దూలాలకు తారు పూసి, పురాతనం అంటే ఇదే అనుకుంది. పాత ఇళ్ళు చూడవచ్చే ఊరి చరిత్ర సంఘం వాళ్ళు ఆ తారు కింద నిలబడి, ముక్కులు మూసుకోవడం మర్యాద కాదు కనుక, పరవశించేవారు.

అందరికన్నా దరిద్రపు పని తండ్రి ఆల్బర్ట్ చేశాడు. రాణి పట్టాభిషేకమని ఊరంతా జెండాలు కడుతుంటే, ఈయన చెమ్మ రాకూడదని ఉత్తరపు గోడంతా సిమెంటు మెత్తాడు. అది పచ్చిగా ఉండగానే మేకుతో తన పొడి అక్షరాలు గీసుకున్నాడు. సున్నం తాగిన తడిని తిరిగి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధించేస్తుంది. పాతికేళ్ళపాటు ఆ గోడ తన చెమ్మలో తనే ఊరింది.

కింద వంటిల్లు, పైన మ్యూరియల్ పడకగది, రెండూ ఆ గోడమీదే నిలబడ్డాయి. డాక్టరు ఆ మాట అన్న వారమే ఆమె మంచం ఒక పక్కకు వాలింది. తమ్ముడికి ఫోన్ చేసింది.

"గోడ కొట్టించాలిరా."

"నాన్న చేతిపని అక్కా అది! ఆయన పేరుంది దానిమీద."

"ఆయన పేరు మీదకు ఏదో రాత్రి నేను మంచంతో సహా పడతాను."

"నీకసలు సెంటిమెంటే లేదు."

"నాకు లేంది నిద్ర. ఆదివారం రా. సుత్తి తెచ్చుకో."

వచ్చాడు. సుత్తి తేలేదు, నాన్న ఫొటో తెచ్చాడు. మ్యూరియల్ గడ్డపార ఎత్తింది. రెండో దెబ్బకు సిమెంటు పలకలా ఊడి పడింది. ఇంటిని మోయాల్సిన అడుగుదూలం స్థానంలో నానబెట్టిన పొగాకులాంటి నల్లటి ముద్ద ఉంది. దానిమీద తెల్లబూజు, ఎలుక బొమికలు, మిలమిలమంటూ వేల పురుగులు. మ్యూరియల్ వంటింటి గరిటె తెచ్చి గుచ్చింది. కాడదాకా దిగిపోయింది.

డెనిస్ ఫొటో చంకలో పెట్టుకుని కంచెమీద వాంతి చేసుకున్నాడు.

"మూసెయ్ అక్కా, మూసెయ్!"

"దేంతో? ఇంకో బస్తా సిమెంటుతోనా? ఇదిగో, నీ సగం. చూసుకో."

"నా సగం డబ్బు నేనిస్తాను, బాగు చేయించు. దణ్ణం పెడతాను, ఆ గరిటె మాత్రం అవతల పడెయ్."

కబురు తెలిసి చరిత్ర సంఘం కార్యదర్శి పరుగున వచ్చాడు. ఆల్బర్ట్ అక్షరాలున్న ముక్కనైనా గోడకే ఉంచాలట, అదీ ఇంటి చరిత్రలో ఒక పొరేనట.

"పట్టుకుపోండి సార్, మీ హాల్లో తగిలించుకోండి," అంది మ్యూరియల్. "పురుగులకి వేరే డబ్బు అక్కర్లేదు."

ఆయన పట్టుకుపోలేదు.

కొత్త ఓక్ దూలం పడింది, పైన సున్నం పడింది, మంచం సమంగా నిలబడింది. రెండు ఆవులను అమ్మి మ్యూరియల్ వడ్రంగి బాకీ మొత్తం తీర్చింది. డెనిస్ ఇస్తానన్న సగం, ఆరు వందల పౌన్లు, ఇప్పటికీ రాలేదు.