పత్తి మీద పార్లమెంటు

ఢిల్లీలో మంత్రులు మారితే మా పల్లెలో పిల్లలు ఏడ్చేవారంటే ఇప్పుడెవరూ నమ్మరు. నా చిన్నప్పుడు మాత్రం అది నిజంగా జరిగింది. ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పటిదాకా నాది సమాచార శాఖ. అంటే రేడియో నాదన్నమాట, అంతకంటే ఏం కావాలి! ఒకరోజు పేపర్లో కొందరు మంత్రులకు శాఖలు మార్చారని వచ్చింది. సాయంత్రానికల్లా పక్కింటి అక్క నా దగ్గర రేడియో ఊడబెరికి వ్యవసాయం చేతిలో పెట్టింది. ఢిల్లీలో నా మంత్రి ఎటు పోతే నేనూ అటే పోవాలి, అదీ ఆటలో నియమం. మా చుట్టూ ఎటు చూసినా వ్యవసాయమే. దానికి మళ్ళీ ఒక మంత్రి ఎందుకని నా ఏడుపు.

మాది మార్టూరు వైపు నల్లరేగడి పల్లె. చర్చి వెనకాల మా పేట. పేటలో డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్ల మా పక్కింటి అక్క. గ్రూప్ వన్ పరీక్షకు చదువుతూ ఉండేది. అంతకుముందు రాసినప్పుడల్లా దేశ వ్యవహారాల దగ్గరే దెబ్బతింది. చరిత్ర అయితే చచ్చినవాళ్ళది, ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, ఈ బతికున్న మంత్రులే ఒకచోట నిలవరని వాపోయేది. ఆ ఏడు కూడా పోతే ఆమెకు పరీక్ష రాసే వయసు దాటిపోతుంది. ఆ సంగతి పేటంతటికీ తెలుసు. ఆదివారం ప్రార్థనలో పాస్టరుగారు వానల కోసం, జబ్బుపడినవాళ్ళ కోసం ప్రార్థించాక ఆమె పరీక్ష కోసం కూడా ఒక మాట చేర్చేవారు. వాళ్ళ నాన్న కౌలుకు పత్తి వేసేవాడు. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని.

ఒక్కతే కూర్చుని చదివితే పేర్లు బుర్రలో నిలవడం లేదని అక్క మమ్మల్ని పోగేసింది. ఒక్కొక్కరికి ఒక శాఖ ఇచ్చింది. బడికి వెళ్ళేముందు బస్సు ఆగేచోట టీ కొట్టుకి పోయి, అక్కడికొచ్చే పేపర్లో మన శాఖ వార్త ఏముందో చూసి రావాలి. పెద్దవాళ్ళ చేతుల్లో పేపరు నలుగుతుంటే మేము కిందనుంచి, పక్కనుంచి తలలు దూర్చి చదివేవాళ్ళం. సాయంత్రం అక్క ఇంట్లో సభ. పత్తి తీత రోజుల్లో ఆ ఇంటి ముందుగదంతా పత్తే. మనుషులు ఓ మూలకి ఒదిగి పడుకుంటే మిగతా చోటంతా పత్తికే. మేము ఆ గుట్ట మీద కూలబడేవాళ్ళం. కింద గుమ్మం పక్కన ముక్కాలిపీట వేసుకుని అక్క సభాపతిగా కూర్చునేది. ఎక్కడో రైలు పట్టాలు తప్పిందని వార్త వస్తే చాలు, మా రైల్వే మంత్రి రాజీనామా చేయాల్సిందేనని మిగతావాళ్ళం గోల. వాడు పత్తి గుట్ట దిగనంటే దిగనని మొండికేసేవాడు. అక్క నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేది. ఆ నవ్వుల్లోనే ఆమెకి మంత్రుల పేర్లూ, ఒప్పందాలూ, కమిటీలూ కంఠతా వచ్చేస్తుండేవి.

ప్రశ్నోత్తరాల సమయం అంటే అందరికీ హడలు. సభ్యుడు అడుగుతాడు, మంత్రి లేచి చెప్పాలి. జవాబు తెలియకపోతే ఏం చేయాలో కూడా అక్కే నేర్పింది. నిజం మంత్రులు ఏమంటారో పేపర్లో చూపించి, మా చేత వల్లె వేయించింది. గౌరవ సభ్యులు లేవనెత్తిన అంశం ప్రభుత్వ పరిశీలనలో ఉంది. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. దాంతో ఏ ప్రశ్ననైనా దాటేయొచ్చు. అన్నం ఎందుకు వదిలేశావని అమ్మ అడిగితే పరిశీలనలో ఉందన్నాను, వీపు మీద ఒకటి పడింది. దారిలో ఎదురైన పెద్దవాళ్ళు కూడా నన్ను ఆపి, ఏమ్మా మంత్రిగారూ, పత్తికి ధర ఎప్పుడిప్పిస్తావని ఆటపట్టించేవారు. నేను గడ్డం పైకెత్తి అదే మాట అనేదాన్ని. వాళ్ళు నవ్వుతుంటే నా గొప్ప నాకే ముద్దొచ్చేది.

ఆ ఏడు పత్తి పగిలి తెల్లగా విచ్చుకున్న వేళకి వాయుగుండం పట్టింది. చేలో పత్తి చేలోనే నానింది. ఆకాశం తెరిపిచ్చాక బాబాయ్ వాళ్ళు తీసి తెచ్చి, చర్చి ముందు నేల మీద పట్టాలు పరిచి ఆరబెట్టారు. అందరం తలా ఓ చెయ్యి వేసి తిరగేశాం. ఎండింది గానీ తెలుపు తిరిగి రాలేదు, పాత దుప్పటి రంగులో ఉండిపోయింది. క్రిస్మస్ దగ్గరపడుతోంది. కాస్త మంచి రంగున్నది పైకి వచ్చేలా గోతాల్లో కూరి, ఎవరిదో ఎడ్లబండి అడిగి తెచ్చుకుని, బాబాయ్ పట్నంలో పత్తి కొనేవాళ్ళ దగ్గరికి బయల్దేరాడు. అక్క పరీక్ష ఇంకొన్నాళ్ళలో ఉంది. పుస్తకం చేత్తో పట్టుకునే బండి దాకా వెళ్ళి సాగనంపింది.

మర్నాడు సాయంత్రం మా సభ మంచి ఊపులో ఉంది. ముందుగది సగం ఖాళీ అయిందని మేము మిగిలిన పత్తి మీద ఇరుక్కుని కూర్చున్నాం. బయట బండి ఆగిన చప్పుడైంది. అక్క లేవబోయింది. ఈలోపే బాబాయ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన భుజం పక్కనుంచి వాకిట్లో బండి కనబడుతోంది. వెళ్ళేటప్పుడు ఎన్ని గోతాలు ఎలా పేర్చారో అలాగే ఉన్నాయి. మా వంక అలా చూస్తూ చూస్తూ ఆయన నన్ను కనుక్కున్నాడు. ఎప్పుడూ దారిలో ఆటపట్టించే గొంతుతోనే అడిగాడు.

"ఏమ్మా మంత్రిగారూ! మరి నా పత్తి ఎవరు కొంటారమ్మా?"

నేను లేచి నిలబడ్డాను. పావడా సర్దుకున్నాను. ఒక్క అక్షరం తడబడకుండా, గౌరవ సభ్యులు లేవనెత్తిన అంశం ప్రభుత్వ పరిశీలనలో ఉందని చెప్పాను. పిల్లలంతా బల్లలు చరిచినట్టు తొడలు చరిచారు. బాబాయ్ కూడా పకపకా నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి తిరిగి అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. ఆ నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలియలేదు గానీ, చూసేసరికి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. పెద్ద మగమనిషి అలా ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. రైల్వే మంత్రి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

అక్క నన్ను తిట్టలేదు. ఇంటికి పొమ్మని కూడా అనలేదు. తాను కూర్చున్న పీట తీసి నా చేతికిచ్చింది.

"సభాపతి ఆదేశం. మంత్రిగారు పోయి సభ్యుడి పక్కన కూర్చోవాలి," అంది.

"ఏం చెప్పాలక్కా?"

"ఏం చెప్పమాక. ఆ మాట నేర్పింది నేనే. మళ్ళా అనమాక. కూర్చో, అంతే."

పీట ఎత్తుకుని అరుగు మీదికి పోయాను. పక్కనే వేసుకుని కూర్చున్నాను. అప్పటిదాకా ఏ పెద్దమనిషి పక్కనా అలా ఊరికే కూర్చోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన తువ్వాలు దించి నన్ను చూశాడు. చొక్కాకి అంటుకున్న పత్తి పోగులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంటున్నాడు. నేను ఆయన వీపు వైపు ఉన్నవి తీయడం మొదలుపెట్టాను. అరచెయ్యి నిండాక ఆయనే నోరు విప్పాడు. నాతో అన్నాడో, వాకిట్లో ఎడ్లతో అన్నాడో గానీ.

"గోతంలో చెయ్యి పెట్టాడమ్మా. కాస్త పీకి ఏళ్ళతో నలిపి చూశాడు. చూసి, పక్క బండి దగ్గరికి పోయాడు. వద్దని గూడా చెప్పలా. చెప్తే ఎందుకని అడిగేవాణ్ణిగా."

నేను లోపలికి వెళ్ళి ఆ మాట అక్కకి చెప్పబోయాను. అక్క గుమ్మం లోపల గోడకి ఆనుకుని అంతా వింటూనే ఉంది. ఆ రంగు మారిన పత్తిని తర్వాత ఎవరో వచ్చి తోలుకుపోయారు. ఎంతకిచ్చాడని ఆ ఇంట్లో ఎవరూ ఆయన్ని అడగలేదు.

సభ ఆగలేదు, అక్కకి పరీక్ష ఉందిగా. కానీ పరిశీలన మాటని సభలోంచి బహిష్కరించింది. జవాబు తెలియని మంత్రి దిగివచ్చి, అడిగినవాడి పక్కన కూర్చోవాలని కొత్త నియమం పెట్టింది. మొదట్లో ఒకరినొకరు గిల్లుకుని నవ్వుకున్నాం. తర్వాత అలవాటైంది.

అక్క రాతపరీక్ష గట్టెక్కింది. ఆ రోజు పాస్టరుగారు గంట కొట్టించారు. మా పేట నుంచి హైదరాబాదు ఇంటర్వ్యూకి వెళ్ళిన మొదటి మనిషి ఆమె. మా అమ్మ తన మంచి చీర ఇచ్చింది. ఆమె తిరిగొచ్చిన రోజు మా పెరట్లో అమ్మతో మాట్లాడుతుంటే నేను అంట్లు తోముతూ విన్నాను. దేశంలో జరిగేవన్నీ అడిగారట, అన్నీ చెప్పిందట. చివర్లో ఒకాయన ఈమె కాగితాల్లో ఊరి పేరు చూసి, పత్తి రైతుకి ప్రభుత్వం ఏం చేస్తోందని అడిగారట. అందులో అక్కకి రాని ముక్క లేదు. పథకాలు, కమిటీలు, సిఫార్సులు, అన్నీ మా చేత వల్లె వేయించినవే.

"తెలీక కాదు పెద్దమ్మా," అంది. "నోరు తెరిస్తే మా నాన్న మొహమే కనపడింది. ఆ నేర్చుకున్న మాటలు బయటికి రాలా. తెలియదు సార్ అనేశాను."

ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క జవాబు వల్లే పోయిందో, వేరే ఎందుకు పోయిందో మాకు చెప్పేవాళ్ళెవరు? బాబాయ్‌ని దాటి పక్క బండికి పోయినవాడిలాగే, వాళ్ళూ ఎందుకో చెప్పలేదు. నాకు మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ నాలుగు ముక్కలూ అప్పజెప్పేస్తే ఏం పోయేదక్కా అని ఎన్నోసార్లు మనసులోనే దెబ్బలాడాను. ఫలితం తెలిసిన మర్నాడు అక్క మమ్మల్ని పిలిచి, సభ రద్దయిందని చెప్పింది. పత్తి లేని ఆ ముందుగదిలోంచి మంత్రులందరం లేచి ఇళ్ళకి పోయాం. కొన్నాళ్ళకి ఆమె సింగరాయకొండ దగ్గర ఒక బళ్ళో టీచరుగా చేరింది.

ఇప్పుడు నా మనవరాలు అదే పరీక్షకి చదువుతోంది. పేపరు కోసం టీ కొట్టుకి పోనక్కర్లేదు, దేశమంతా ఫోనులోనే ఉంది. అమ్మమ్మా, ప్రశ్నలడుగు అని ఫోను నా చేతికిస్తుంది. మొన్న మిరప ధర పడిపోవడం మీద ఒక ప్రశ్న వచ్చింది. పిల్ల టపటపా చెప్పేసింది, సమస్య కేంద్రం పరిశీలనలో ఉందన్న మాటతో ముగించింది. నేను తర్వాతి ప్రశ్న చదవకుండా ఫోను పక్కన పెట్టేశాను. ఏమైంది, తప్పా అని అడిగింది. తప్పు కాదే అన్నాను. కథంతా చెప్పాను. అయితే నేనూ తెలియదని చెప్పాలా అని కంగారుపడింది. వద్దే తల్లీ, నువ్వు చెప్పు, వాళ్ళడిగిందంతా చెప్పి మార్కులు తెచ్చుకో, ఒకరు పోగొట్టుకున్నది చాలు అన్నాను. పరీక్ష బయట ఎవరైనా అడిగినప్పుడు మాత్రం ఈ మాట అనకు అన్నాను.

నేను మండలాఫీసులో గుమస్తాగా చేసి దిగిపోయాను. పనిచేసినన్నాళ్ళూ నా బల్లకి అవతల కాకుండా, నా పక్కనే ఒక కుర్చీ వేసి ఉంచేదాన్ని. ఆఫీసులో అందరికీ అదొక నవ్వులాట, అది ఎవరి కోసమండీ అని అడిగేవారు. పంట పోయినవాళ్ళు, పింఛను ఆగినవాళ్ళు, ఎందుకాగిందో ఎవరూ చెప్పనివాళ్ళు వచ్చేవారు. వాళ్ళకి చెప్పడానికి చాలాసార్లు నా దగ్గర ఏమీ ఉండేది కాదు. కుర్చీ దగ్గరికి లాగి, కూర్చోండి బాబాయ్ అనేదాన్ని.