మంచు కరిగిన నీళ్లు ఎటు పోతాయి

మామ పోయాడన్న మాట నాకు పర్సుడీహ్ బజారులో తెలిసింది. ఉల్లిపాయలు ఏరుతున్నాను. మాతో పనిచేసే ఫిట్టరొకడు సైకిలు దిగి, హిందీలో మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోకి వచ్చేశాడు. "మామా నహీఁ రహే రా... తెల్లారగట్ల ఎలిపోనాడు." ఊపిరితిత్తుల జబ్బని తెలుసు, ఎక్కువ రోజులు ఉండడనీ తెలుసు. అయినా ఏరిన ఉల్లిపాయలు అక్కడే వదిలేసి, అదే సైకిలు వెనక కూర్చుని బిర్సానగర్ వచ్చాను.

మామంటే మేనమామ కాదు, పక్కింటివాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో కాంట్రాక్టు పనుల్లో పైపు ఫిట్టరుగా నిలదొక్కుకున్న మనిషి. మా నాన్న పోయాక నా చేతికి స్పానరిచ్చింది ఆయనే. నేను దొరికిన కరపత్రమల్లా చదివి, చదివిందంతా ఆయన మీద కుమ్మరించేవాణ్ని. బీడీ కాలుస్తూ మొత్తం వినేవాడు. వినడం అయ్యాక ఒకే ప్రశ్న: "అయితే రేపేటి సేత్తావు?" దానికి జవాబు ఏ కరపత్రంలోనూ ఉండేది కాదు.

ఆయనకొక అలవాటు. ఎక్కడ కొత్త గచ్చు కనిపించినా చెప్పులు విడిచి నడిచి చూసేవాడు. అగ్రికో కాలనీలో ఎవరి క్వార్టరు వరండాలోనో అలా నడుస్తూ చీవాట్లు కూడా తిన్నాడు. "కళ్లు మోసం సేత్తాయి గానీ అరికాలు సెయ్యదురా" అనేవాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి చలికాలం, ఒక కాంట్రాక్టరు మాలో కొందర్ని హిమాలయాల వైపు ఒక కొండ ఊరికి తీసుకుపోయాడు. అక్కడి ఆస్పత్రికి గేటు నుంచి తలుపు దాకా ఎక్కే ఏటవాలు దారి ఉంది. ఏటా మంచు పడడం, రోగులు జారి పడడం. ఆ దారి కాంక్రీటు కింద గొట్టాలు పరిచి, బట్టలుతికే చోటి బాయిలరు నుంచి వేడినీళ్లు తిప్పితే మంచు దానంతటదే కరిగిపోతుంది. ఇదీ పని. మాలో మంచు ముఖం చూసినవాడు ఒక్కడూ లేడు.

నాకు ఒళ్లు మండింది. "దేశంలో సగం మందికి చెప్పుల్లేవు, ఇక్కడ దారికి వేడినీళ్లా మామా?"

"సెప్పుల్నేనోడే కదరా ముందు జారేది" అన్నాడు, గొట్టం వంచుతూనే.

కాంక్రీటు పోసేటప్పుడు గొట్టాల నిండా నీళ్లు ఒత్తిడితో ఉంచి, గేజి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ముల్లు కిందికి దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కాంట్రాక్టరు తరఫున లెక్కలు చూసే ముంషీ తొందరపెడితే, "సిమెంటు కింద కారితే రేపు నువ్వు తవ్వుతావేటి ముంషీజీ?" అన్నాడు. ముల్లు దిగలేదు.

తొలి మంచు పడింది. చుట్టూ తెల్లగా ఉంటే మా దారి ఒక్కటే నల్లగా, తడిగా, ఆవిరి కక్కుతూ బయటపడింది. గెంతులేశాం. వీధికుక్కలు మాకంటే ముందే వచ్చి వెచ్చగా పడుకున్నాయి. ఇంజనీరు చూసి పని పాస్ చేశాడు.

ఆ సాయంత్రమే ఆస్పత్రి వంటామె పాలక్యాను పట్టుకుని గేటులోంచి వస్తూ, దారి మొదట్లోనే దబ్బున పడింది. చెయ్యి విరిగింది. క్యాను ఒలికింది. ఏవి పాలో, ఏది మంచో తెలియలేదు. పైన కరిగిన నీళ్లన్నీ కిందికి జారి, మా గొట్టాలు ఆగిపోయిన చోట అద్దంలా గడ్డకట్టి ఉన్నాయి.

కొలిమి పక్కన బతికిన వాళ్లం మేము. మా దగ్గర ఒలికిన నీళ్లు చూస్తుండగానే ఆరిపోతాయి. మంచు ఎలా కరిగించాలా అనే అందరం ఆలోచించాం. కరిగిన నీళ్లు ఎటు పోతాయని అడిగినవాడు లేడు, మామతో సహా.

నేను ముంషీ మీద విరుచుకుపడ్డాను. దొంగ కాంట్రాక్టన్నాను, పేపరుకి రాస్తానన్నాను. మామ నా అరుపు అయ్యేదాకా ఆగాడు.

"రాద్దువు గానీ. ముందు గునపం అట్టుకో. ఆ గొట్టాలు ఏసింది మనవేరా."

"కామ్ పాస్ హో గయా" అన్నాడు ముంషీ. "ఈ బండి తప్పితే మీ దారి మీదే."

తోటివాళ్లు అప్పటికే పరుపులు చుట్టేశారు. ఒకడు వెటకారం ఆడాడు. "మంచుని పెల్లాడి ఇక్కడే ఉండిపోతావేటి మామా?"

"పెల్లి అయిపోనాదిరా. ఇప్పుడు అంపకం. నీల్లని అత్తోరింటికి అంపొద్దేటి?"

వాళ్లు వెళ్లిపోయారు. మేమిద్దరం మిగిలాం. దారి మొదట్లో అడ్డంగా కాలవ తవ్వి పక్కనున్న లోయలోకి వాలు ఇచ్చాం. కాలవలోనే నీళ్లు గడ్డకట్టకుండా, మిగిలిన గొట్టాన్ని అందులో పరిచి వేడినీళ్ల లైనుకి కలిపాం. పైన ఇనప జాలీ వేశాం. చేతులు తిమ్మిరెక్కి నేను తిడుతుంటే, ఆ తిట్ల తాళానికే గునపం వేసేవాడు. అప్పుడు తిట్లు కూడా పనికొచ్చాయి.

నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించమని ఆయనా ఎప్పుడూ అనలేదు. దాని చేతికి గునపం ఇచ్చాడు, అంతే. మొన్న మా బస్తీకి కుళాయి కావాలని అందరం కొట్లాడుతుంటే, "వాడిన నీళ్లు ఎటు పోతాయి?" అని నా నోట్లోంచే వచ్చింది. కుళాయితో పాటు కాలవా అడిగాం. మామ అప్పటికే మంచాన ఉన్నాడు. చెప్తే దగ్గుతూ నవ్వాడు. "అయితే రేపేటి సేత్తావు?"

పాడె మీద దుప్పటి పొట్టిదై పాదాలు బయటికి ఉన్నాయి. అరికాళ్లు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. నాకు తెలిసిన ఆ అరికాళ్లు వేరు.

కాలవ పూర్తయ్యాక మళ్లీ మంచు పడిన ఆ పొద్దున, వంటామె కట్టుకట్టిన చేత్తో దారి దిగుతూ వచ్చింది. ఆఖర్న, పడిన చోటే ఆగింది. ఒక కాలు ముందుకు చాపి, మునివేళ్లతో జాలీని తడిమింది. దానికి అవతల మామ, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ చలిలో వట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు. ఆమె మావైపు చూడలేదు. కాలు గట్టిగా ఆనించి, జాలీ దాటి, పాల కోసం గేటు బయటికి వెళ్లిపోయింది. జాలీలోంచి మామ పాదాల చుట్టూ ఆవిరి లేస్తోంది. జాలీ కింద నీళ్లు లోయలోకి పోతున్న చప్పుడు వినిపిస్తోంది.